ఇంగువమ్మ సప్పుడు పెట్టె

“నీదేం పని? కూసోని తిప్పుడేనాయె” అన్నాడు మా ఆయన ఆ రోజు పొద్దున కూడా.

అందులో కోపమేమీ లేదు. ఎండ ఎక్కువగా ఉందన్నట్టు, చారులో ఉప్పు తక్కువైందన్నట్టు అన్నాడు. కుడి భుజం గుంజుతోంది, కాసేపు నడుం వాలుస్తానని నేను అడిగినందుకు అది జవాబు. నేయడమంటే పని. అందులో చెయ్యి, కాలు, కన్ను అన్నీ ఆడాలి. నాది రాట్నం ముందు కూర్చుని తిప్పడం. అబద్ధమేమీ కాదు, కూర్చునే తిప్పుతాను. దానికి ముందు నిలబడి నీళ్లు చేదుతాను, వంగి వాకిలి ఊడుస్తాను, గొంతుక్కూర్చుని పొయ్యి ఊదుతాను, చీర నిలువు పోగులైన పడుగుకు గంజి పట్టించే రోజున వీధి ఈ కొస నుంచి ఆ కొసకు నడుస్తూనే ఉంటాను. ఇన్ని చేశాక కూర్చుంటాను కాబట్టి మా ఆయన కంట ఎప్పుడూ కూర్చున్నట్టే కనబడతాను.

మగ్గం సంగతి తెలియని వాళ్లకు ఒక ముక్క చెప్పాలి. చీరలో అడ్డంగా పోయే నూలు, పడుగు మధ్య అటూ ఇటూ ఉరికే నాడెలో ఉంటుంది. నాడెలో వేలెడంత కండె పెట్టాలి. ఆ కండెకు నూలు చుట్టడం ఆడవాళ్ల వంతు. నేను ఒక కండె చుట్టేలోపు ఆయన ఒక కండె నేసేస్తాడు. పొద్దుగూకేదాకా మా ఇద్దరికీ పందెమే. నేను గెలిస్తే ఎవరికీ తెలియదు. ఓడితే మాత్రం కొత్తకోటలో సాలోళ్ల వీధి మొత్తానికీ వినబడుతుంది.

“కండె!”

మా పెళ్లయి ఆరేళ్లు. ఈ ఆరేళ్లలో ఆయన నన్ను రాజమణీ అని పిలిచింది తక్కువ. నా పేరు కండె.

అది అరవై తొమ్మిది, ఆ ఎండాకాలం ప్రత్యేక తెలంగాణ గొడవతో ఊళ్లన్నీ ఉడుకుతున్నాయి. ఇవాళ బంద్ అంటే రేపు హర్తాల్. బస్సు వస్తే వచ్చినట్టు. అలాంటి రోజుల్లో, మా ఆయన ఆ మాటన్న పొద్దునే, హైదరాబాదు నుంచి బెంగుళూరు పోతున్న ఒక జీపు సరిగ్గా మా ఊరి దగ్గర ఇరుసు విరిగి నిలబడిపోయింది. సామాను కర్నూలు నుంచి రావాలి. బస్సులు నడిస్తేగా రావడానికి! జీపులో ఒక దొరసాని, ఒక డ్రైవరు, కంబళ్లలో చుట్టిన పెద్ద పెట్టె ఒకటి ఉన్నాయి.

దొరసానికి యాభై ఏళ్లుంటాయి. జర్మనీ దేశం. మగవాళ్లలా ప్యాంటు, కత్తిరించిన జుట్టు, మోచేతుల దాకా మడిచిన చొక్కా. పేరు ఇంగెబోర్గ్ అట. మా అత్త హనుమమ్మ ఆ పేరును రెండుసార్లు నోట్లో తిప్పి చూసి, మూడోసారికి ‘ఇంగువమ్మ’ చేసి పారేసింది. డ్రైవరు ఏసోబు మహబూబ్‌నగర్ వాడు, మిషను బడిలో ఇంగ్లీషు నేర్చాడు. ఆమె చాలాసేపు మాట్లాడితే ఒక్క ముక్కలో మాకు చెప్పేవాడు. మేము ఒక్క ముక్క అంటే ఆమెకు చాలాసేపు చెప్పేవాడు. మధ్యలో ఏం కలిపేవాడో ఆ దేవుడికే తెలియాలి.

రోడ్డు మీద నిలబడి విసిగిపోయిన ఆమెకు మా వీధి మగ్గాల చప్పుడు వినబడిందట. ఆ చప్పుడు పట్టుకుని నడుచుకుంటూ వచ్చి మా అరుగు మీద కూర్చుంది. ఎందుకు మా అరుగే అంటే, వీధిలో గోడకు కరెంటు ప్లగ్గు ఉన్న ఇల్లు మాదే. మా ఆయన భిక్షపతి చేనేత సొసైటీలో అప్పు రాయించుకుని రేడియో కొన్నాడు, దాని కోసం పెట్టించాడు. ముందు గదిలో రేడియోను అవతలికి జరిపి ఆ జాగాలో ఇంగువమ్మ పెట్టెను పెట్టారు. మోయడానికి నలుగురు కావలసి వచ్చింది.

కంబళ్లు తీస్తే వీధంతా నోరు తెరిచింది. చెక్క బీరువా లాంటి దానికి ముందువైపు నల్లటి రేకు. దాని నిండా తిప్పే బొత్తాలు, బొత్తాల నడుమ బొక్కలు. ఇంగువమ్మ మెడలో రంగురంగుల తీగలు దండలా వేసుకుని, ఒక్కొక్కటీ తీసి ఈ బొక్కలోంచి ఆ బొక్కలోకి గుచ్చసాగింది.

మా పక్కింటి ఐలేశం బావ ముందుకు వచ్చాడు. మా ఆయనకు పెద్దనాన్న కొడుకు, సొసైటీలో పెద్దమనిషి. ఏ విషయమైనా మొదట ఆయనే అడగాలి.

“దీంట్ల పాటలు ఎన్నున్నయి?”

ఏసోబు అడిగి చెప్పాడు. “ఒక్కటి గూడ లేదంట.”

“మరేమున్నది?”

“సప్పుడు ఉంటదంట. పాట మనమే చేసుకోవాలెనంట.”

“గంత దూరం నుంచి ఉత్త సప్పుడు మోసుకొచ్చిందా?” అంది మా అత్త. “పేరేందట దీనికి?”

“సింథసైజర్.”

“సింతకాయ చారా?”

ఏసోబు ఇది కూడా తర్జుమా చేశాడేమో, ఇంగువమ్మ పడీ పడీ నవ్వింది. ఆ తర్వాత ఉన్నన్నాళ్లూ ఆమె కూడా దాన్ని అట్లాగే పిలిచింది.

మీట నొక్కగానే మోగలేదు. లోపల వేడెక్కాలట. అందరం కాచుకుని కూర్చున్నాం. తర్వాత ఒక బొత్తం తిప్పింది. భూమి కడుపులోంచి వచ్చినట్టు ‘గుయ్యి’మని ఒక శబ్దం. అరుగు అదిరింది. అది సన్నబడి, పైకి పాకి, చెవిలో దూరిన దోమై, చివరికి కుక్కలకు తప్ప ఎవరికీ వినబడకుండా పోయింది. వీధి కుక్కలన్నీ మా ఇంటి ముందుకు వచ్చి మొరిగాయి. ఇంకో తీగ గుచ్చితే నీటిబుడగలు పగిలినట్టు, ఇంకోటి గుచ్చితే ఈల వేస్తూ కిందికి జారిపోతున్నట్టు. ఏ చెట్టు నుంచీ, ఏ జంతువు నుంచీ, ఏ మనిషి నుంచీ రాని చప్పుళ్లు. నాకు భయం వేయలేదు. ఏ పనీ చెప్పని చప్పుడు అంటే ఏమిటో మొదటిసారి విన్నాను. మా ఇంట్లో ప్రతి చప్పుడుకూ ఒక పని ఉంటుంది. బిందె మోగితే నీళ్లు, మూత ఎగిరితే అన్నం, గొంతు లేస్తే కండె. ఇది మాత్రం ఊరికే మోగుతోంది.

మధ్యాహ్నానికి పెట్టె గొంతు జారిపోయింది. ఇంగువమ్మ ఎంత సరిచేసినా ఒకచోట నిలవడం లేదు, తాగి నడుస్తున్న మనిషిలా పక్కకు ఒరుగుతోంది.

“ఎండకు గట్లయితదంట” అన్నాడు ఏసోబు. “వేడి లేకుంటే మోగదు, ఎక్కువైతే నిలువదు.”

“అల్లుని లెక్క ఉన్నది” అంది మా అత్త. “జర ఎక్కువైనా అలుగుతడు, జర తక్కువైనా అలుగుతడు.”

అప్పుడు నేను నా కళ్లతో చూసింది చెబుతున్నాను. మా ఆయన లేచాడు. లోపలికి వెళ్లి, తాటాకు విసనకర్ర వెతికి, నీళ్లలో ముంచి దులిపి తెచ్చి, ఆ పెట్టె పక్కన గొంతుక్కూర్చుని విసరడం మొదలుపెట్టాడు. మెల్లగా, ఒద్దికగా, గాలి అన్ని బొక్కలకూ సమంగా అందేటట్టు. చెయ్యి నొస్తే చెయ్యి మార్చుకున్నాడు. మా అత్త గోనెపట్టా తడిపి కిటికీకి కట్టింది. ఐలేశం బావ వాళ్లింటి నుంచి కొత్త కుండ తెచ్చి పక్కన పెట్టాడు, చల్లదనానికి.

నా బిడ్డ పుట్టింది కూడా ఇట్లాంటి ఎండల్లోనే, ఇదే అర్రలో. రెండు రోజులు నొప్పులు పడ్డాను. చెమటకు పక్క తడిసి నాకే అంటుకుపోతుంటే, “జర గాలి” అని అడిగాను. బాలింతకు గాలి తగలకూడదన్నారు. నేనింకా బాలింతను కాలేదు, అయినా తగలకూడదన్నారు. మా ఆయన గడప అవతలి నుంచే, “ఎంతసేపాయె, ఇంక కాలేదా?” అని అడిగి మగ్గం మీదికి పోయాడు. ఆయన చేతికి విసరడం రాదేమోనని ఇన్నాళ్లూ అనుకున్నాను. వచ్చు. చాలా బాగా వచ్చు. కుడిచేత్తోనూ వచ్చు, ఎడమచేత్తోనూ వచ్చు. ఏడుపు రావలసిన చోట నాకు నవ్వొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పోయాను.

మర్నాడు ఇంగువమ్మ అసలు సంగతి చెప్పింది. మగ్గం చప్పుడు జీపులోంచి తెచ్చిన టేపు రికార్డర్ మీద పట్టుకుంటుందట. తర్వాత అదే చప్పుడు పెట్టెతో చేయిస్తుందట. మా ఆయన ఉబ్బిపోయాడు. క్షవరం చేయించుకున్నాడు. పెళ్లినాటి చొక్కా వేసుకున్నాడు. చప్పుడు పట్టుకునేదానికి చొక్కా ఎందుకని ఎవరూ అడగలేదు.

వీధిలో మగ్గాలన్నీ ఆపించారు. మగ్గం గుంట ముందు చిన్న కొయ్య నిలబెట్టి దానికి మైకు కట్టారు. మా ఆయన మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని, గొంతు సవరించుకుని, నావైపు తిరిగాడు.

“ఏయ్, నీ రాట్నం బంద్ పెట్టు. సప్పుడొస్తది.”

బంద్ పెట్టాను. చేతులు ఒళ్లో పెట్టుకుని గడపలో కూర్చున్నాను. పెళ్లయిన తర్వాత పగటిపూట చేతులు ఒళ్లో పెట్టుకోవడం అదే మొదలు. వాటిని అక్కడ ఎట్లా ఉంచాలో కూడా తెలియలేదు, ఎవరి పిల్లలనో ఎత్తుకున్నట్టుంది.

మగ్గం మొదలైంది. టకా టక్, టకా టక్. ఇంగువమ్మ కళ్లు మూసుకుని, చెవులకు డిప్పలు పెట్టుకుని తలాడిస్తోంది. బాగానే నడిచింది. బుట్టలో ముందే చుట్టి పెట్టిన కండెలు నాలుగున్నాయి. అవి నడిచినంతసేపు నడిచింది. తర్వాత ఆయన చెయ్యి బుట్టలోకి పోయి, బుట్ట అడుగు గీరి, ఖాళీగా వచ్చింది. చెయ్యి ఖాళీగా రాగానే నోరు దానంతటదే తెరుచుకుంది. ఎదురుగా మైకు ఉందనిగానీ, దొరసాని ఉందనిగానీ గుర్తు లేదు.

“కండె!”

నేను కదల్లేదు. పెదాల మీద వేలు పెట్టి చూపించాను.

“కండె అంటుంటే ఇనవడుతలేదా? ఏం చేస్తున్నవే గంతసేపు? కాళ్లు జాపుకోని కూసున్నవా? కండె!”

 ఇంగువమ్మ మెల్లగా కళ్లు తెరిచి ఏసోబును ఏదో అడిగింది.

“గది మగ్గం పాటనా అని అడుగుతుంది.”

“ఔ, పాటనే” అన్నాడు ఐలేశం బావ. “రోజు పాడుతడు. మాకందరికి నోటికొచ్చు.”

నవ్వులకు మా కోళ్లు బెదిరి గోడ ఎక్కాయి. మా ఆయన తల గుంటలోకి వంచుకుని తెగని పోగును అతకడం మొదలుపెట్టాడు.

సాయంత్రం పెట్టెతో మగ్గం చప్పుడు చేయించాలని ఇంగువమ్మ చాలా పాటుపడింది. ఒకసారి దగ్గినట్టు వచ్చింది, ఒకసారి గేదె నెమరు వేసినట్టు వచ్చింది. “నా మగ్గం గిట్ల దగ్గుతదా?” అని మా ఆయన నొచ్చుకున్నాడు. ఆమె తల గోక్కుని, ఆ పని వదిలేసి, టేపును పెట్టెకు తగిలించింది. ఆమెకు నచ్చింది మగ్గం కాదు, పాట.

“కండె!” అంది పెట్టె, అచ్చం మా ఆయన గొంతుతో.

ఇంగువమ్మ ఒక తీగ మార్చింది. అదే కండె మేకపిల్ల అరిచినట్టు వచ్చింది. ఇంకో తీగ మారిస్తే రేకు డబ్బాలో రాళ్లు వేసి దొర్లించినట్టు వచ్చింది. “కాళ్లు జాపుకోని కూసున్నవా” అన్న మాటను బావికప్ప అడిగింది, తర్వాత రాక్షసుడు అడిగాడు, తర్వాత ఎవరో ముక్కుతో అడిగారు. పిల్లలు నేల మీద పడి దొర్లుతున్నారు. మా ఆయన స్తంభాన్ని ఆనుకుని నిలబడి మీసం కొరుక్కుంటున్నాడు. నవ్వాలో అరవాలో తేలక ఆయన మొహం కూడా ఆ పెట్టెలాగే ఒకచోట నిలవడం లేదు.

ఇంగువమ్మకు రెండు చేతులూ చాలలేదు. రెండు తీగలు పట్టుకుని, పక్కన ఉన్న నాకు గడ్డంతో ఒక పెద్ద బొత్తం చూపించింది.

“తిప్పమంటుంది నిన్ను” అన్నాడు ఏసోబు.

తిప్పడం నాకు వచ్చిన పనే కదా! చెయ్యి వేశాను. చల్లగా, నున్నగా ఉంది. ఎడమకు తిప్పాను. మా ఆయన గొంతులోని గరుకు రాలిపోవడం మొదలైంది. బియ్యంలోంచి రాళ్లు ఏరినట్టు, మాటకు ఉన్న కొసలన్నీ ఒక్కొక్కటే ఊడిపోయాయి. ఇంకా తిప్పాను. కండె, కండె అని గొంతు గోడ అవతలికి పోయింది. ఇంకా తిప్పాను. దుప్పటి కింద దూరిన పసివాడు ఆకలికి అమ్మను అడుగుతున్నట్టు, మెత్తగా, బేలగా, కండె… కండె… అని మిగిలింది.

నా చెయ్యి ఆగిపోయింది. ఆరేళ్లుగా నేను విన్న మాట ఇదేనా? ఆ మాట వినబడగానే నా భుజాలు ముడుచుకునేవి, పొయ్యి మీద ఏమున్నా వదిలేసి ఉరికేదాన్ని. తప్పు చేసినదానిలా ఉరికేదాన్ని. అందులోంచి గదమాయింపు తీసేస్తే మిగిలింది బతిమాలడమే! కండె లేకపోతే ఈయన ఒక్క జానెడు నేయలేడు. ఆ సంగతి ఆయన గొంతుకు తెలుసు, అందుకే అంత గట్టిగా అరుస్తుంది. నాకే ఇన్నాళ్లూ తెలియలేదు. ఇంకొంచెం తిప్పితే ఆ గొంతు పూర్తిగా ఆగిపోతుందని అర్థమైంది. ఆ గొంతును ఆపలేదు. కాసేపు అట్లాగే ఉంచి విన్నాను. జాలేసింది, నవ్వొచ్చింది, రెంటికీ మధ్యలో ఎక్కడో కోపం కూడా వచ్చింది, కొత్తది, తొందరలేని కోపం.

మా అత్త అప్పటిదాకా అందరికంటే ఎక్కువ నవ్వింది. నేను బొత్తం వదలగానే కొంగుతో కళ్లు తుడుచుకుంటూ పెట్టె దగ్గరికి వచ్చింది. తన చేతి కండెలు నలభై ఏళ్లు మామ మగ్గానికి పోసిన మనిషి. మామ పోయి మూడేళ్లయింది.

“ఏసోబూ, మా ముసలోని గొంతు ఉంటదా దీంట్ల? అడుగు జర. నేను గూడ తిప్పుత.”

ఏసోబు అడిగాడు. ఈసారి ఒక్క ముక్కలోనే అడిగాడు. ఇంగువమ్మ నవ్వు ఆపి, లేదన్నట్టు తల ఊపింది.

“ఉంటే బాగుండు” అంది మా అత్త. 

మూడో రోజు సామాను వచ్చింది. జీపు బాగైంది. ఇంగువమ్మ పోయేటప్పుడు నా రాట్నాన్ని కూడా కాసేపు టేపు మీద పట్టుకుంది. “గదెందుకు, దాంట్ల ఏముందని?” అన్నాడు మా ఆయన. ఏసోబు ఆ మాటను తర్జుమా చేయలేదు.

పెట్టె పోయింది. రేడియో తన జాగాకు వచ్చింది. మగ్గం మొదలైంది. “కండె!” అని అరిచాడు మా ఆయన. నాకు మేకపిల్ల వినబడింది. పకపకా నవ్వాను. ఆయన ఇంకా గట్టిగా అరిచాడు, బావికప్ప వినబడింది. “దీనికి పిచ్చి లేసింది” అన్నాడు మా అత్తతో. ఆమె కొంగు అడ్డం పెట్టుకుని దొడ్లోకి పోయింది.

ఆ సాయంత్రమే పక్కింటి కృష్ణమ్మక్క, ఐలేశం బావ భార్య, పిట్టగోడ మీదుగా పిలిచింది. వాళ్ల కండెలు చుట్టే పిల్ల మొన్న పెళ్లయి గద్వాలకు పోయింది. మగ్గం రెండు వారాలుగా ఆగి ఆగి నడుస్తోంది.

“ఎవలన్న చుట్టేటోల్లు ఉంటే చెప్పు చెల్లె. కూలి ఇస్తం.”

“ఎవలో ఎందుకక్కా” అన్నాను. “నేనొస్త.”

నా నోటి నుంచి ఆ మాట వచ్చేదాకా నాకూ తెలియదు. కృష్ణమ్మక్క నన్ను ఎగాదిగా చూసింది. “మీ ఆయన?”

“ఆయన లెక్కల నేనేం పని చేస్తలేను కద. అడిగేదేముంది?”

రాత్రి అన్నం పెట్టేటప్పుడు మామూలుగానే చెప్పాను. రేపటి నుంచి పొద్దంతా అక్కడ చుడతానని, వంట చేసి పెట్టి పోతానని, బిడ్డను వెంట తీసుకుపోతానని. ఆయన చేతిలో ముద్దను మళ్లీ కంచంలో పెట్టాడు.

“మరి మన కండెలు?”

“కూసోని తిప్పుడే కద. ఎవలన్న తిప్పుతరు.”

“అమ్మా!” అని పిలిచాడు.

“నా చేతులు గుంజుతున్నయి కొడుకా” అంది మా అత్త చీకట్లోంచి. “నలభై ఏండ్లు గుంజినా ఎవల్కి చెప్పలె. ఇప్పుడు చెప్తున్న.”

మర్నాడు రాట్నం నెత్తిన పెట్టుకుని పక్కింటికి పోయాను. పదడుగులు లేదు, అయినా పొలిమేర దాటినట్టుంది. అదే నూలు, అదే రాట్నం, అదే భుజం. కానీ నేను కూర్చోగానే ఐలేశం బావ, “రాజమణి పనికొచ్చింది, చాప ఎయ్యుండ్రి” అన్నాడు. పనికొచ్చింది! ఆ మాట కోసం నేను గోడ దాటవలసి వచ్చింది. పొద్దు తిరిగేవేళ కృష్ణమ్మక్క గిలాసలో చాయ తెచ్చి చేతికిచ్చింది. ఎందుకక్కా అన్నాను. “పనికొచ్చినోల్లకు ఇయ్యాలె కద” అంది. చక్కెర ఎక్కువ వేసింది. ఎవరో కాచి, వడగట్టి, నా దగ్గరికి నడిచి వచ్చి ఇచ్చిన చాయ ఎట్లా ఉంటుందో నాలుక మీద పెట్టుకుని కూర్చున్నాను.

గోడ అవతల మా మగ్గం కాసేపు నడిచింది, ఆగింది. రాట్నం కిర్రుమన్న చప్పుడు వచ్చింది, మా అత్త పాత రాట్నం. పోగు తెగిన చప్పుడు వచ్చింది. తిట్టు వచ్చింది. మళ్లీ కిర్రు, మళ్లీ తెగింది, మళ్లీ తిట్టు. తర్వాత ఏమీ రాలేదు.

కొంతసేపటికి ఐలేశం బావ వాకిట్లో నీడ పడింది. మా ఆయన వచ్చి నిలబడ్డాడు. లోపలికి రాలేదు. జుట్టు నిండా నూలు పోగులు, ఒక వేలికి గుడ్డపేలిక కట్టి ఉంది. ఐలేశం బావ వైపు చూశాడు, గోడ వైపు చూశాడు, ఇక చూడడానికి ఏమీ లేక నా వైపు చూశాడు.

“రాజమణీ” అన్నాడు, చాలా మెల్లగా. “రేపు మనింట్ల చుడుతవా?”

నేను చేతిలో ఉన్న కండె పూర్తిచేసి, బుట్టలో వేసి, గిలాసలో అడుగున మిగిలిన చక్కెర కూడా తాగి, అప్పుడు తలెత్తాను.

“చుడుత” అన్నాను. “చాయ ఎవలు పెడుతరు?”